గోడ మీద గోడ

వంటింటి బల్ల దగ్గర నుంచి,
జూన్ 9, మధ్యాహ్నం మూడు గంటలు

తమ్ముడికి అక్క దీవెనలు.

ఫోను చెయ్యకుండా ఉత్తరమేమిటి అనుకోకు. ఫోనులో నువ్వు ప్రతిదానికీ "సరే అక్కా" అంటావు. వారం పోయాక అడిగితే "ఎప్పుడన్నావు?" అంటావు. కాగితం మీద పెడితే తప్పించుకోలేవు.

మా పెళ్ళయి పాతికేళ్ళు నిండాయి. మీ బావ ఆవేళ కొట్టు నుంచి వస్తూనే, చెప్పులైనా విప్పకుండా, "ఏం కావాలో అడుగు, కాదనను" అన్నారు. ఆయన మనసులో గాజులున్నాయి. ఎంత బరువుండాలో కూడా అనుకునే వచ్చారు. నేను గది కావాలన్నాను.

"ఎవరికి?"

"నాకే. తీరిగ్గా కూర్చుని పాట వినడానికి."

ఆయన చెప్పులు విప్పుతూ, "గాజులైతే తేలిగ్గా పోయేది" అన్నారు.

అలా నడవ చివర, వంటింటికి ఎదురుగా ఉన్న వెనక గది నాకు దక్కింది. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడుగు. కిటికీ లేదు. దానికో షరతు కూడా ఉంది. సెప్టెంబరు చివర్లో కొట్టుకి కొత్త సరుకు వస్తుందట. "అప్పటికి అది చూసినవాళ్ళకి గదిలా కనిపిస్తే గది, లేకపోతే గోడౌను" అన్నారు. అన్న రోజే కుళాయిల పెట్టెలు రెండు తెచ్చి మూలన పెట్టారు, తాత్కాలికంగా. ఆయన తాత్కాలికాలు నీకు తెలుసు కదా. నడవలో నిచ్చెన తాత్కాలికంగా పెట్టి పదకొండేళ్ళయింది.

మా మామగారి రికార్డు ప్లేయరు తుడిచి, కుర్చీ వేసుకుని, వయొలిన్ రికార్డు పెట్టాను. ఎదురుగా కొత్తగా సున్నం వేసిన తెల్ల గోడ. నిమిషం గడిచేసరికి నా కళ్ళు పెట్టెల మీదికి పోయాయి. వాటి మీద అచ్చేసిందంతా చదివాయి. కుళాయిలు ఎన్ని డజన్లో గుణించాయి. ఇంతలో పాట అయిపోయింది. అప్పుడు తెలిసింది నాకు, నా చెవులు వినాలంటే నా కళ్ళకి ఏదో ఒకటి అప్పగించాలని. పాతికేళ్ళుగా పాలు పొంగకుండా చూస్తూ విన్న చెవులు మరి.

అందుకని పరీక్ష పెట్టాను. రోజుకో దృశ్యం, అదే రికార్డు. ఎంతసేపటికి మనసు పాట మీంచి జారిందో నోటుబుక్కులో రాశాను.

ముందు వరండా, వీధి వైపు: ఒకటిన్నర నిమిషం. ఎదురింటావిడ గుమ్మంలో కూరల బండివాడు తక్కెడ మీద బొటనవేలు పెట్టి తూస్తున్నాడు. లేచి అరవాల్సి వచ్చింది.

మేడ మీద, కొండల వైపు: మూడు నిమిషాలు. కొండల మీద మబ్బు పట్టింది, ఆరేసిన దుప్పట్లు గుర్తొచ్చాయి.

గదిలో వరసగా పూలకుండీలు: ఒక్క నిమిషం. రెండో కుండీలో ఆకుముడత.

మా పెళ్ళి ఫోటో: పాట మొదలవకముందే మనసు జారింది. వివరాలు రాయను.

క్యాలెండరులో సముద్రం: ఆరు నిమిషాల ఇరవై సెకన్లు.

కాబట్టి సముద్రమే గెలిచింది. నువ్వు నాటకాల కంపెనీకి తెరల మీద బొమ్మలు రాసేవాడివి. అక్కకి గోడంత సముద్రం ఒకటి రాసిపెట్టలేవా? గోడ పదడుగులు, కుర్చీకీ గోడకీ మధ్య ఏడడుగులు. కొలతలు కింద మళ్ళీ విడిగా రాశాను.

గదిలో పెట్టెలు: రెండు.

మీ అక్క


షెడ్డు నుంచి,
జూన్ 21

అక్కకి నమస్కారం.

నీ ఉత్తరం నీ మరదలికి చదివి వినిపించాను. పెళ్ళి ఫోటో దగ్గర నన్ను ఆపి, "వదినగారు రాయనివి నాకు అర్థమయ్యాయి" అంది. నాకు మాత్రం కాలేదు. అడిగితే చెప్పలేదు.

సముద్రం అన్నావు సరే, ఏ సముద్రం? మా దగ్గర నాలుగు రకాలుంటాయి. ప్రియురాలు దూరమైన నాయకుడు చూసేది ఒకటి. ఓడ మునిగేది ఒకటి. హాస్యగాడు గాలం వేసి చెప్పు పైకి లాగేది ఒకటి. ఇవేవీ కాకుండా ఊరికే ఉండేది ఒకటి. నీకు ఊరికే ఉండేదే మంచిది. మిగతా మూడింట్లో ఏదో ఒకటి జరుగుతుంది, నువ్వు లేచి సర్దబోతావు.

ఇక్కడ కంపెనీ షెడ్డులో నాకు చేతినిండా పని. కంపెనీ కొత్త నాటకానికి ఏడు తెరలు ఒక్కసారే అడిగింది. అన్నం కూడా రంగు చేత్తోనే తింటున్నాను. అయినా నీకు కాకపోతే ఎవరికి రాస్తాను? నెలలో పంపిస్తా. ఇక ఆ కొలతలు, కుర్చీ ఎక్కడ, గోడ ఎంత దూరం, అవన్నీ నాకెందుకక్కా. ముప్ఫై ఏళ్ళుగా రాస్తున్నాను. నీ లెక్కలు చూస్తే తెర రాయమన్నావో, జాకెట్టు కుట్టమన్నావో తెలియలేదు.

బావని అడిగానని చెప్పు. నిచ్చెనని కూడా.

తమ్ముడు


వంటింటి బల్ల దగ్గర నుంచి,
జూలై 24

తమ్ముడికి దీవెనలు, వాటితోపాటు ఒక చెవి మెలిక.

నువ్వన్న నెల మూడు రోజుల కిందట అయిపోయింది.

నిన్న కొట్టు గుమాస్తా ఏదో కాగితానికి ఇంటికొచ్చాడు. వెనక గదిలోకి తొంగి చూసి, "గోడౌను గాలి తగలకపోయినా పొడిగా ఉందమ్మగారూ, సరుక్కి మంచిది" అన్నాడు. మీ బావ నా వైపు తిరిగి కనుబొమలు ఎగరేశారు. అనకుండా అనడం ఆయనకి బాగా వచ్చు. ఇదీ నా పరిస్థితి. ఆ గది పోతే ఇంకో పాతికేళ్ళు ఆగి అడగాలి. అప్పటికి నా చెవులుంటాయో, నేనుంటానో.

ఇంకో సంగతి. మరదలు ఫోను చేసింది. నువ్వెక్కడున్నావంటే "పనికెళ్ళారొదినా" అంది. షెడ్డుకా అంటే, పాలు పొంగుతున్నాయని పెట్టేసింది. అప్పుడు టైము మధ్యాహ్నం ఒంటిగంట. మీ ఇంట్లో పాలు కాచేది సాయంత్రం ఆరింటికి. ఇది నేనేమీ రాసిపెట్టుకోలేదు, ఊరికే గుర్తుండిపోయింది.

గదిలో పెట్టెలు: తొమ్మిది.

మీ అక్క


షెడ్డు నుంచి,
ఆగస్టు 5

అక్కా,

సముద్రం ఇవాళే లారీ ఆఫీసులో వేశాను. రంగు ఇప్పుడిప్పుడే ఆరింది. పైన కర్ర ఉంది, రెండు కొక్కేలకి తగిలిస్తే చాలు. ముడతలు పడితే ఇస్త్రీ మాత్రం చెయ్యకు. నీ సంగతి తెలిసి ముందే చెబుతున్నాను.

తొందరలో ఉన్నాను. ఏడు తెరల్లో ఇంకా మూడు మిగిలాయి.

తమ్ముడు


వంటింట్లో నిలబడి,
ఆగస్టు 14

తమ్ముడికి అక్క దీవెనలు.

సముద్రం చేరింది. ఇద్దరు మోసుకొచ్చారు. కొక్కేలు కొట్టడానికి నడవలో నిచ్చెన పదకొండేళ్ళలో మొదటిసారి పనికొచ్చింది. మీ బావ "చూశావా, నేను అందుకే ఉంచాను" అన్నారు.

తెర దించి, రికార్డు పెట్టి, కుర్చీలో కూర్చుని చూశాను. ఒరేయ్, అక్కడ సముద్రం లేదురా. అరచేతులంతేసి నీలం మచ్చలు, చీపురుతో కొట్టినట్టు తెలుపు, మధ్యలో వంకరగా ఒక ఎర్రగీత. కుర్చీ వెనక్కి జరిపితే గోడ తగిలింది. లేచి గుమ్మంలో నిలబడ్డాను. మచ్చలు కాస్త దగ్గరపడ్డాయి. నడవలోకి వచ్చాను. నిచ్చెన దాటేసరికి అలల్లాంటివి మొదలయ్యాయి. అలా వెనక్కి నడిచీ నడిచీ, వంటింట్లో గిన్నెలు కడిగే తొట్టి నడుముకి తగిలినప్పుడు, గుమ్మంలోంచి సముద్రం కనిపించింది. ఆ ఎర్రగీత పడవ అయింది. ఎంత బాగుందంటే వెనక తొట్టిలో కుళాయి కారుతున్నా కట్టడం మర్చిపోయాను.

కానీ పాతికేళ్ళూ నేను పాట విన్నది ఆ తొట్టి దగ్గర నుంచేరా. అక్కణ్నుంచి కదులుదామనే కదా గది అడిగింది.

మీ బావ వచ్చి నా పక్కన నిలబడి చూశారు. "బ్రహ్మాండంగా ఉంది. కుర్చీ ఇక్కడే వేసేసుకో. గది ఖాళీ అవుతుంది" అన్నారు. కొట్టు నడిపేది ఊరికే కాదు.

ఇక రెండో మాట. దుమ్ము దులుపుదామని తెర కింది మడత విప్పాను. వెనక సుద్దతో నీ చేతిరాత: "మూడో రంగం. పడవ ఎడమకి. వాన ఆగాక దించు." పక్కన ఎలకలు కొట్టిన చోట నాలుగు అతుకులు, రెండు రంగుల దారంతో. ఇప్పుడిప్పుడే ఆరిన రంగుని ఎలకలు ఎప్పుడు కొట్టాయి? ఏడు తెరలు కావాల్సిన కంపెనీ ఉన్న సముద్రాన్ని ఎందుకు వదులుకుంది?

కోపంతో అడగడం లేదు. కోపం ఉంటే ఫోను చేసేదాన్ని.

గదిలో పెట్టెలు: పదహారు.

మీ అక్క


నంబరు పలకల కొట్టు, వెనక బల్ల నుంచి,
ఆగస్టు 25

అక్కా,

పైన చిరునామా చూశావుగా. పద్నాలుగు నెలలుగా ఇదే. కంపెనీ మూతపడింది. తెరలన్నీ మా పనివాళ్ళకి పంచేశారు. నా వంతుకి ఒక సముద్రం, ఒక అడవి, సగం జైలు వచ్చాయి. మిగతా సగం హార్మోనియం వాయించేవాడికి వెళ్ళింది. సగం జైలు మీ ఇంటికి పంపడానికి మనసొప్పలేదు.

ఇక్కడ బళ్ళకి నంబర్లు రాస్తాను. కష్టమేమీ లేదు. తొమ్మిది రాసేటప్పుడు మాత్రం చెయ్యి కొంచెం సొగసు పోతుంది, ఓనరు తిడతాడు. నువ్వు వీధంతటికీ మా తమ్ముడు తెరలు రాస్తాడని చెప్పుకుంటావు కదా, అందుకని చెప్పలేదు. నీ మరదలిని తిట్టకు. నేనే చెప్పొద్దన్నాను. పాలు మాత్రం తన సొంత ఆలోచన.

నీకు కొత్తది రాయబోలేదనుకోకు. బట్ట బిగించాను. అప్పుడు తీశాను నీ కొలతల కాగితం. ఏడడుగులు కొలిచి కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చెయ్యి లేవలేదక్కా. ముప్ఫై ఏళ్ళూ నేను రాసింది ఇరవయ్యో వరసలో కూర్చున్నవాళ్ళకి. దగ్గరికొస్తే మా పని మచ్చల్లాగే ఉంటుంది. అది తప్పు కాదు, పద్ధతే అంత. అలా రాస్తేనే అంత దూరానికి అందుతుంది. నంబరు పలకలు కూడా దూరం నుంచి చదివేవే. ఏడడుగుల్లో కూర్చుని, అదీ నీలాంటి కళ్ళతో చూసే మనిషికి ఏం రాయాలో నాకు తెలియదు.

గది బావకిచ్చెయ్యి. నేను సరుకు దించే రోజుకి వచ్చి పెట్టెలు మోస్తాను. అది మాత్రం వచ్చు.

తమ్ముడు


వెనక గది నుంచి, పెట్టె మీద కాగితం పెట్టుకుని,
సెప్టెంబరు 3

తమ్ముడికి అక్క దీవెనలు.

వీధంతటికీ ఇప్పుడు మా తమ్ముడు తొమ్మిది అందంగా రాస్తాడని చెబుతున్నాను. ఆ విషయం అయిపోయింది. మళ్ళీ ఎత్తకు.

నీ ఉత్తరం చదివి, తోచక వచ్చి ఈ కుర్చీలో కూర్చున్నాను. సముద్రం చుట్టేశాం కాబట్టి ఎదురుగా పెట్టెలే. విసుగొచ్చి కళ్ళు మూసుకుని రికార్డు పెట్టాను. ఒక వైపు మొత్తం విన్నాను. పద్దెనిమిది నిమిషాలు. మూసిన కళ్ళకి అంతసేపూ ఏం కనిపించిందో చెబితే నవ్వుతావు. ఒక గోడ.

మన చిన్నప్పటి ఇంట్లో వంటింటి వెనక కిటికీ గుర్తుందా? కిటికీ అవతల మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు, సందు అవతల వయొలిన్ మాస్టారి ఇంటి గోడ. నేను బియ్యం డబ్బా మీద కూర్చునేదాన్ని. నువ్వు నేల మీద వెల్లకిలా పడుకునేవాడివి. శిష్యులు తప్పులు వాయించేవాళ్ళు, ఆయన కసురుకునేవారు, వాళ్ళు వెళ్ళిపోయాక ఆయనొక్కరే వాయించుకునేవారు. ఆయన ముఖం మనం ఒక్కసారైనా చూడలేదు. చూసిందల్లా గోడ.

ఆ గోడలో మేకు ఒకటి, తీగ ఒకటి, పెచ్చులూడి బయటపడ్డ ఇటుకలు ఐదు, కెటిల్ ఆకారంలో తేమ మచ్చ ఒకటి. అన్నీ ఎప్పుడో లెక్క తేలిపోయాయి. కొత్తగా లెక్కపెట్టడానికి ఏమీ మిగల్లేదు. అందుకే నా కళ్ళు అక్కడ నోరుమూసుకుని ఊరుకునేవి.

నాకు సముద్రం వద్దు. ఆ గోడ కావాలి.

ఇరవయ్యో వరస, ఇరవయ్యో వరస అంటావు. ఆ గోడని నువ్వు దూరం నుంచి ఎప్పుడైనా చూశావా? చూద్దామన్నా సందులో చోటేదీ? పదేళ్ళు నువ్వు దాన్ని దగ్గర నుంచే చూశావు. ఇంకెలా రాస్తావు మరి?

మీ బావకి చెప్పాను. "గోడ మీద గోడ రాయిస్తావా? ఉన్న గోడకి ఏమొచ్చింది?" అన్నారు. తర్వాత చెప్పులు వేసుకుంటూ, "పోనీ రంగులు నేను తెస్తాలే" అన్నారు. సరుకు మాత్రం ఇరవై ఎనిమిదిన దిగుతుందట, షరతు షరతేనట.

గదిలో పెట్టెలు: ఇరవై రెండు. కాబట్టి తొందరగా రా.

మీ అక్క


నంబరు పలకల కొట్టు నుంచి,
సెప్టెంబరు 10

అక్కా,

అది కెటిల్ ఏమిటి? గేదె. తల దించుకుని నీళ్ళు తాగుతున్న గేదె. నువ్వు దాని కొమ్ము చూసి కెటిల్ పిడి అనుకున్నావు. ఇటుకలు కూడా ఐదు కాదు, నాలుగున్నర. ఐదోది సగమే బయటపడింది. ఇంత లెక్కల మనిషివి, అది పూర్తిగా కలిపేశావా?

మేకుకి తుప్పు పట్టి కిందికి కారిన చార గురించి నువ్వు రాయనే లేదు. తీగ మధ్యలో ముడి గురించీ రాయలేదు. ఈ నాలుగైదు రోజులుగా పలకల మీద నంబర్లు రాస్తుంటే నాకు ఆ చారే కనిపిస్తోంది. నిన్న ఒకాయన స్కూటరు నంబరు కింద తుప్పు చార గీసేశాను. ఓనరు పలక చూసి తుప్పే అనుకుని గుడ్డతో తుడిచాడు. పోలేదు. అప్పుడు నాకు కాస్త ధైర్యం వచ్చింది.

కుంచెలు నానబెట్టాను. పదకొండింట్లో నాలుగు మెత్తబడ్డాయి. శనివారం వస్తున్నా, వారం సెలవు పెట్టాను. పెట్టెలు గోడకి దూరంగా జరపమని బావకి చెప్పు. నేను రాసేటప్పుడు నువ్వు లోపలికి రాకూడదు, నోటుబుక్కు అసలు రాకూడదు.

తమ్ముడు


నా గది నుంచి,
సెప్టెంబరు 29

తమ్ముడికి,

దీవెనలు ఎప్పుడూ ఉండేవే. ముందు నువ్వు వెళ్ళాక జరిగింది విను.

నిన్న లారీ వచ్చింది. నలభై పెట్టెలు. మీ బావ ఎండలో నిలబడి లెక్క చూసి, చెమటలు కక్కుతూ నేరుగా ఈ గదిలోకే వచ్చారు, ఎక్కడ పేర్చాలో చూద్దామని. వెనకే గుమాస్తా, నెత్తి మీద మొదటి పెట్టె. మీ బావ మాట్లాడుతూనే చొక్కా విప్పి మేకుకి తగిలించారు. కింద పడింది. తీసి మళ్ళీ తగిలించారు. మళ్ళీ పడింది. "ఈ మేకు వదులైనట్టుంది" అన్నారు. నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను. మూడోసారి మేకుని పట్టుకుని ఊపి చూద్దామని రెండు వేళ్ళు పెట్టారు. వేళ్ళు గోడని గీరాయి.

ఆ వారమంతా నీకు రంగు డబ్బాలు అందించిన మనిషేరా ఆయన.

గుమాస్తా పెట్టె దించకుండానే, "పక్కింటివాళ్ళ గోడ ఇంత దగ్గరికొచ్చిందేమిటండీ, మధ్యలో కిటికీ కూడా పెట్టించలేదా?" అన్నాడు.

మీ బావ వేళ్ళు చూసుకుని, "ఇక్కడ దించకు. మెట్ల కింద పెట్టు" అన్నారు.

"గోడౌను ఇదే కదండీ?"

"గోడౌనేమిట్రా, కనిపించడం లేదా? గది."

ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాను, తేదీతో సహా. మధ్యాహ్నానికి పాత పెట్టెలు ఇరవై రెండూ బయటికి వెళ్ళిపోయాయి. మెట్ల కింద చాలనివి నడవలో చేరాయి. నిచ్చెనకి తోడు దొరికింది.

చొక్కా తియ్యడానికి కిందికి వంగి, తలెత్తి చూశాను. గేదె. తల దించుకుని నీళ్ళు తాగుతోంది. మళ్ళీ కుర్చీలో కూర్చుంటే కెటిల్. నాలుగుసార్లు లేచి, నాలుగుసార్లు కూర్చున్నాను. ఇద్దరం కొట్టుకు చస్తామని ఇలా చేశావా, లేక అది నిజంగా అలాగే ఉండేదా? చెప్పకు. ఇటుకలు మాత్రం నువ్వన్నట్టు నాలుగున్నరే. ఒప్పుకున్నాను.

నీ సముద్రాన్ని మీ బావ కొట్టుకి పట్టుకెళ్ళి, వెనక గోడకి కట్టారు. రోడ్డవతల నుంచి చూసినవాళ్ళు ఆగి మరీ లోపలికి వస్తున్నారట. వరసగా కుళాయిలు, వాటి వెనక సముద్రం. "ఇది చూశాక కుళాయిలో నీళ్ళు రావని ఎవరూ అనలేరు" అంటున్నారు ఆయన. ఎదురింటావిడ గది చూసి వెళ్ళి, మళ్ళీ వచ్చింది. వాళ్ళ అత్తగారు మంచం మీదే ఉంటారు, పైకప్పు తప్ప ఏమీ కనిపించదు. ఆ పైకప్పు మీద ఆవిడ చిన్నప్పటి పెరటి చెట్టు రాస్తావా అని అడిగింది. మంచానికీ కప్పుకీ మధ్య దూరం నేను కొలిచి ఉంచాను. ఎనిమిదడుగులు. నీకిప్పుడు అది కూడా దూరమే.

ఇవాళ మూడింటికి పనులన్నీ తెమిలాక తలుపు దగ్గరగా వేసి రికార్డు పెట్టాను. మేకు చూశాను, చార చూశాను, ముడి చూశాను. ఆ తర్వాత ఏమీ చూడలేదు. గోడ అవతల వయొలిన్ ఉంది, అంతే.

సగంలో తలుపు కిర్రుమంది. మీ బావ, చేతుల్లో ఒక పెట్టె. మళ్ళీ తాత్కాలికమా అన్నట్టు చూశాను. ఆయన చప్పుడు కాకుండా దాన్ని నా కుర్చీ పక్కన పెట్టి, దాని మీద కూర్చున్నారు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని గోడనే చూస్తున్నారు. చాలాసేపటికి నా వైపు వంగి, మెల్లిగా అడిగారు.

"అవతల ఎవరుంటారు?"

"మాస్టారు. మాట్లాడకండి."

ఒక వైపు అయిపోయాక ఆయనే లేచి రెండో వైపు తిప్పి వచ్చి కూర్చున్నారు.

గదిలో పెట్టెలు: ఒకటి.

మీ అక్క